ఊపు లెక్క

బీదర్ గాంధీగంజ్‌లో కమీషన్ మీద సరుకు అమ్మే అడత్ దుకాణంలో నేను లెక్కలు రాసే రోజుల్లో మా సేఠ్ కందుల బేరం చూసిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. క్వింటాలుకు మొన్న యాభై పెరిగింది, నిన్న ముప్పై, ఇవాళ పది. ధర ఎక్కుతూనే ఉంది కదా అని మేం మురిసిపోతుంటే ఆయన మాత్రం "ఊపు పోయిందిరా, సరుకు వదిలెయ్" అనేవాడు. అంతటితో ఆగేవాడు కాదు. భాల్కి నుంచి, ఔరాద్ నుంచి ఎన్ని బండ్లు వస్తున్నాయో చూసి రమ్మని మనిషిని పంపేవాడు. ఊపు ఎందుకు తగ్గిందో తెలిసేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు.

ఇప్పుడు పిల్లలు 'మొమెంటమ్ ఇండికేటర్' అంటున్నది ఆ ఊపు లెక్కనే.

నేను షేర్లలో దిగింది 1990ల మొదట్లో. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చిన పేపరు చూస్తేగానీ నిన్నటి ముగింపు ధర తెలిసేది కాదు. దాన్ని గ్రాఫు నోటుబుక్కులో ఎక్కించి, పది రోజుల కిందటి ధర తీసేసి, మిగిలింది పక్కన ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. ఒక్కో షేరుకు ఒక్కో పేజీ. ఆ అంకె నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి అయిదుకు జారుతుంటే చేతికే తెలిసేది. కొన్న షేర్ల కాగితాలు పోస్టులో వచ్చి, సంతకం కలవలేదని తిరిగిపోయి, మళ్లీ వచ్చేసరికి నెలలు గడిచేవి. ఆ అవస్థ మళ్లీ రావాలని నేను కోరను. డీమ్యాట్ వచ్చి మేలే చేసింది. నా బాధంతా ఆ నోటుబుక్కు పోయినందుకే.

మొన్న మా మనవడు ఫోను చూపించి "తాతా, ఆర్‌ఎస్‌ఐ ముప్పై కిందికొచ్చింది, కొనెయ్యొచ్చు" అన్నాడు. ఆ ముప్పై ఎట్లా వచ్చిందిరా అంటే జవాబు లేదు. ఆర్‌ఎస్‌ఐ అంటే రిలేటివ్ స్ట్రెంత్ ఇండెక్స్, ఊపు లెక్కల్లో ఒకటి. ఇద్దరం కూర్చుని కట్టాం. పద్నాలుగు రోజుల తేడాలు కావాలంటే పదిహేను ముగింపు ధరలు రాయాలి, వాడికి ఆ సంగతే కొత్త. పెరిగిన రోజుల పెరుగుదలంతా కూడి పద్నాలుగుతో భాగిస్తే ఒక సగటు, తరిగిన రోజులది ఇంకో సగటు. పెరుగుదల మూడు, తరుగుదల ఏడు అనుకోండి. మొత్తం పదిలో పెరుగుదల వాటా మూడు, అంటే నూటికి ముప్పై. ఇంతే! కంపెనీ లాభం, అప్పు, యజమాని నిజాయితీ, ఇవేవీ ఆ అంకెలో లేవు. ఈ లెక్కను వెల్లెస్ వైల్డర్ అనే అమెరికా ఇంజనీరు 1978లో తన పుస్తకంలో ఇచ్చాడు. ఇళ్లలో కంప్యూటర్లు అరుదైన కాలం, కట్టేవాడికి తాను కడుతున్నదేమిటో తెలిసేది.

ముప్పై కిందికొస్తే ఇక లేస్తుందని ఎవరు చెప్పారు? పడే షేరు ముప్పై కిందే వారాల తరబడి ఉండగలదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడిన రోజు ఆ కంపెనీ షేరు రూ. 179 నుంచి రూ. 40 దగ్గరికి పడింది. లెక్కల్లో చూపిన డబ్బు లేదని యజమానే ఒప్పుకున్నాడు. అంతకు ముందురోజు ధరల గీతల్లో ఆ మాట ఎక్కడ వెతుకుతాం? మా సేఠ్ బండ్లు లెక్కపెట్టడానికి మనిషిని పంపింది ఇందుకే.

ఇలాంటి అంకెలు చూసి ఆప్షన్లు ఆడేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం నష్టపోయారు, ఒక్కొక్కరికి సగటున రూ. 2 లక్షలు. మన జిల్లాలో రెండు లక్షలంటే ఓ కుటుంబం బతికే ఏడాది.

గంజ్ ఎదుట చాయ్ దుకాణంలో ఫోన్లు పట్టుకుని కూర్చునే పిల్లలూ, మీకు నా మాట ఒక్కటే. ఇవాళే ఒక గ్రాఫు నోటుబుక్కు కొనండి. మీరు కొనబోయే షేరు ధరలు పదిహేను రోజులు మీ చేత్తో రాసి, మీ చేత్తోనే ఆర్‌ఎస్‌ఐ కట్టండి. ఊపు ఎందుకు పోయిందో, ఎందుకు వచ్చిందో పక్కన ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ షేరు కొనకండి.