పేరొక్కటే మార్చు తమ్ముడూ!

ఉప్పల్ రింగురోడ్డు పక్కన ఏ జిరాక్సు షాపులో అడిగినా రెజ్యూమె అయిదు నిమిషాల్లో రెడీ. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో సంస్థ ఎదుగుదలకు పాటుపడటమే నా ధ్యేయం’ అన్న మొదటి ముక్క అందరికీ ఒక్కటే. మారేది పేరు, ఫోన్ నంబరు. ఒక్కోసారి అవీ మారవు, పాపం!

నాచారం పారిశ్రామికవాడలో డబ్బాలకు లేబుళ్లు అంటించినాయన ‘బ్రాండింగ్ ఎగ్జిక్యూటివ్’. గోదాములో సరుకు లెక్కపెట్టినాయన ‘సప్లై చైన్ నిపుణుడు’. అదీ చాలకపోతే 2017 నుంచి మెట్రో ఉండనే ఉంది. అమీర్‌పేటలో దిగితే, చెయ్యని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం కూడా దొరుకుతుందని వినికిడి.

తమ్ముళ్లూ, ఈ గొప్పలకు బదులు షిఫ్టుకు ఎన్ని డబ్బాలకు లేబుళ్లు అంటించారో, ఎన్ని తిరిగొచ్చాయో రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది అదే.