పిప్పిని మడిచి మళ్లీ

చెరకురసం బండి దగ్గర నిలబడ్డప్పుడు గమనించే ఉంటారు. గడ ఒకసారి మిషన్లోంచి ఇవతలికొచ్చిందంటే దాని పనైపోయిందనుకుంటాం మనం. బండివాడు అలా అనుకోడు. మడిచి మళ్లీ పెడతాడు. ఇంకోసారి మడిచి, మధ్యలో నిమ్మబద్దా అల్లంముక్కా ఇరికించి మళ్లీ తిప్పుతాడు. నాలుగో విడతకి రెండు చుక్కలు రాలినప్పుడు వాడి మొహంలో ఒక తృప్తి కనిపిస్తుంది. అచ్చం అదే తృప్తి మా బాబాయి మొహంలో చూడాలంటే ఆయన చేతికి ఏదో ఒక కరెంటు వస్తువు ఇవ్వాలి.

బాబాయి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సొంతిల్లు. పిసినారి అనుకునేరు, ఆ మచ్చ మాత్రం ఆయనకి లేదు. కొనేటప్పుడు మేలైనదే కొంటాడు, బేరం కూడా పెద్దగా ఆడడు. అసలు కథంతా కొన్నాకే. "డబ్బు పోశాం కదరా, అందులో ఉన్నదంతా వాడుకోవాలా వద్దా?" అంటాడు. ఒక్క బటన్ నొక్కకుండా వదిలేసినా ఆ మేరకి మొండి బాకీ కింద పోయినట్టే ఆయన లెక్క.

ఇలాంటి బాబాయి ప్రతి కాలనీలోనూ ఒకడుంటాడు. టీవీ రిమోట్‌కి పాలిథిన్ కవరు, ఆ కవరుకి రబ్బరుబ్యాండు, అటక మీద థర్మాకోలుతో సహా ఖాళీ అట్టపెట్టెలు కనిపిస్తే మీరు సరైన ఇంటికే వచ్చారు. లోపలి వస్తువు చచ్చి పదేళ్లయినా పెట్టె మాత్రం చల్లగా ఉంటుంది.

ఆ ఇంట్లో పెన్సిల్ సెల్‌కి నాలుగు ఆశ్రమాలు. కొత్తగా వచ్చినప్పుడు టార్చిలైట్లో బ్రహ్మచర్యం. వెలుగు ఎర్రబడగానే రిమోట్‌లో గృహస్థాశ్రమం, వచ్చినవాడల్లా నొక్కుతుంటాడు. అక్కడ నీరసించాక పిట్టగోడ మీద ఎండలో కొన్నాళ్లు వానప్రస్థం. చివరికి గోడగడియారంలో సన్యాసం. "గడియారానికి కావలసింది చిటికెడు కరెంటేరా, రిమోట్‌కి పనికిరాని సెల్ దీన్ని నెలల తరబడి లాగుతుంది" అంటాడు. లాగుతుంది, నిజమే. కాకపోతే ఆఖరి రోజుల్లో సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర ఎగశ్వాస తీస్తూ ఉంటుంది. పైకి ఒక్క గీత దాటలేక, అక్కడే టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. పిన్ని దాన్ని చూసి "పాపం, పోనివ్వండీ" అంటుంది. బాబాయి స్టూలెక్కి సెల్‌ని ఒకసారి అటూ ఇటూ దొర్లించి దిగుతాడు. ముల్లు ఇంకో వారం కొండెక్కుతుంది.

రిమోట్ నొక్కినా టీవీ పలక్కపోతే తప్పు రిమోట్‌దా, టీవీదా అన్నది తేల్చే విద్య కూడా ఆయన దగ్గరుంది. ఫోనులో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కుకున్న గాజుపూసని దానికెదురుగా పెట్టి బటన్ నొక్కుతాడు. మన కంటికి కనబడని కాంతి ఫోను తెరమీద వంగపూవు రంగులో మినుకుమంటుంది. మినుకుమంటే రిమోట్ బతికే ఉంది, జబ్బు టీవీది. వీధిలో సగం మంది రిమోట్లు పట్టుకుని ఆయన వరండాకి నాడి చూపించుకోవడానికి వస్తారు. ఫీజు లేదు. కాఫీ పిన్ని ఇవ్వాలి.

వస్తువు ఇంటికి రాగానే మొదట జరిగేది పారాయణం. వాలుకుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదువుతాడు. 'నీళ్లలో ముంచరాదు' అన్న చోట కూడా పెన్సిల్‌తో గీత గీస్తాడు. వాషింగ్ మిషన్ వచ్చినప్పుడు అలా చదివి, పదహారు ప్రోగ్రాములున్నాయని కనిపెట్టాడు. పిన్ని వాడేది ఒకటే. మిగతా పదిహేనూ ఖాళీగా జీతం తింటున్నట్టు ఆయనకి నిద్రపట్టలేదు. ఒక్కో దానికీ ఒక్కో వారం పని పురమాయించాడు. చిక్కల్లా 'వుల్' దగ్గర వచ్చింది. విశాఖలో చలికాలమంటే ఫ్యాను మూడు నుంచి రెండుకి తగ్గడం. ఇంట్లో ఉన్న ఉన్ని బట్టలల్లా కాశీ వెళ్లినప్పుడు కొన్న స్వెటరూ, ఒక కోతిటోపీనూ. అప్పట్నుంచీ అవి రెండూ ఎవరూ వేసుకోకుండానే నెలకోసారి ఉతుక్కుంటున్నాయి. స్వెటరు ఇప్పుడు మా చంటివాడికి సరిపోతుంది.

వైఫై సంగతి కొంచెం పెద్దది. పెట్టె హాల్లో, బాబాయి పడగ్గది వెనక వైపు, నడుమ ఇనప బీరువా. తీగె లాగడానికొచ్చిన కుర్రాడు తనకి ఎక్కడ చేయందితే అక్కడ మేకు కొట్టి పోయాడు. బాబాయి ఊరుకుంటాడా? చేతిలో ఫోను పట్టుకుని, గది గదికీ తిరిగి, నేల మీద సుద్దముక్కతో ఎక్కడెంత స్పీడో రాసుకుంటూ పోయాడు. ముగ్గు చెరిపేసి ఈ అంకెలేమిటని పనిమనిషి అడిగితే, "ఇనుము దాటి రాదమ్మా అది, దారి వెతుకుతున్నా" అన్నాడు. రెండున్నర గిగాహెర్ట్జ్‌కి కాస్త తక్కువది గోడలు దాటుతుందనీ, అయిదుది జోరు మనిషే కానీ గోడ ఎదురైతే చతికిలబడుతుందనీ, మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపూ మొదటిదానికి చెవులు గింగురుమంటాయనీ ఆ వారంలో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఆఖరికి పెట్టెని బీరువా నీడలోంచి తప్పించి నిలువెత్తున పెట్టాడు. అక్కడితో ఆగలేదు. గోడకవతల పక్కింటివాళ్లకి పోయే సిగ్నల్ కూడా మనదే కదా అని, పెట్టె వెనకాల పిన్ని పెద్ద స్టీలు పళ్లేన్ని నిలబెట్టాడు. రేడియో తరంగాలకి లోహం అద్దంలాంటిది, తగిలి వెనక్కొస్తాయి, వచ్చాయి కూడా. పడగ్గదిలో సినిమా ఆగకుండా నడిచింది. పిన్ని మాత్రం సంక్రాంతికి అరిసెలు వత్తి దేన్లో ఆరబెట్టాలో తెలీక ఆ పళ్లెం లాక్కుపోయింది. పండగ మూడ్రోజులూ ఇంట్లో ఇంటర్‌నెట్ నీరసంగా ఉంది.

ఏసీ గురించి క్లుప్తంగా చెబుతాను, తల్చుకుంటేనే ఉక్కపోస్తుంది. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందన్నారు. ఆ ముక్క పేపర్లో చదివిన రోజు నుంచీ బాబాయి ఇంట్లో 27. పైన ఫ్యాను. పైపులోంచి కారే నీళ్లకి బకెట్టు, ఆ బకెట్టు కరివేపాకు చెట్టుకి. ఒకసారి అవే నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసి, మెకానిక్ చేత చీవాట్లు తిన్నాడు. "చూట్టానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటాయండీ, కాయిల్ మీది దుమ్మంతా అందులోనే ఉంటది" అన్నాడతను. ఆయన జీవితంలో మడతపెట్టినా రసం రాని చెరకు గడ అదొక్కటే.

బాబాయి తీరు నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. నేనూ నవ్వాను, 2014 అక్టోబరు 12 దాకా. ఆ ఆదివారం హుద్‌హుద్ తుపాను వచ్చింది. కైలాసగిరి కొండ బోడిగుండయింది. స్తంభాలు రోడ్ల మీద పడుకున్నాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు. ఇన్వర్టర్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఫ్యాన్లూ టీవీలూ తగిలించుకుని అవి ఆ రాత్రికే కళ్లు తేలేశాయి. బాబాయి ఇంట్లో మాత్రం తుపాను కబురు వినగానే అన్నీ పీకేసి ఒక్క బల్బు, ఒక్క ప్లగ్గు మిగిల్చాడు. కాగితం తీశాడు. 150 ఏహెచ్ బ్యాటరీ, 12 వోల్టులతో హెచ్చవేస్తే 1800 వాట్-అవర్లు. నష్టాలూ బల్బూ పోను సగమే చేతికొస్తుందనుకున్నా, ఫోనుకి పది చొప్పున తొంభై ఫోన్లు.

సోమవారం పొద్దున్నకి వరండాలో క్యూ. బాబాయి పాత క్యాలెండరు చింపి టోకెన్లు రాశాడు, బ్యాంకు కౌంటర్లో కూర్చున్నట్టే కూర్చున్నాడు. టవర్లు కూలి సిగ్నలే లేదు, అయినా ఎవరూ క్యూ వదల్లేదు. సిగ్నల్ వచ్చే వేళకి ఫోను బతికుండాలని అందరి ఆశ. ఒక తల్లి హైదరాబాదులో ఉన్న కూతురు నంబరు ఫోన్లో తప్ప ఎక్కడా లేదని, తెరవెలిగాక దాన్ని చేతిమీద రాసుకుని వెళ్లింది. అందరికీ ఒకటే రూలు: ఎనభై శాతం అవగానే పీకేయడం. "ఇంకో ఇరవై ఉంచండి సార్" అని ఎవరో బతిమాలితే, "ఆ ఇరవై మీ బ్యాటరీ ఆయుష్షుకే నష్టం బాబూ. పైగా మీ వెనకాయన ఉన్నాడు" అన్నాడు. లెడ్జరులో అరవై ఏడు ఫోన్లు ఎక్కాయి. ఆ కాగితం ఇప్పటికీ ఇన్వర్టర్ వారంటీ కార్డుతో పాటు ఫైల్లో ఉంది.

మొన్న పని మీద విశాఖ వెళ్లి బాబాయింట్లోనే పడుకున్నాను. 27 డిగ్రీలు, పైన ఫ్యాను. ఫోను ఛార్జింగ్‌లో పెడుతుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"రాత్రంతా పెడతావుట్రా?"

"ఎనభైకి అదే ఆగిపోయే సెట్టింగ్ ఉంది బాబాయ్, పెట్టాను."

"సెట్టింగ్‌ని నమ్మి నిద్రపోతే ఎలారా?" అని నిట్టూర్చి వెళ్లిపోయాడు.

రెండు గంటలప్పుడు మెలకువొచ్చింది. చీకట్లో చెప్పుల్లేని అడుగులు మెల్లగా వచ్చాయి. టక్కుమని స్విచ్ ఆగిన చప్పుడు. పక్కగదిలోంచి పిన్ని గొంతు: "మంచినీళ్లకి లేచారనుకుంటాడు లెండి, వచ్చి పడుకోండి." అడుగులు వెనక్కి వెళ్లాక ఫోను తీసి చూశాను.

డెబ్భై తొమ్మిది.