మేజోళ్ళు

మంగళవారం తెల్లవారుజామున మా అత్తయ్య బాత్రూంలో జారిపడింది. 78 ఏళ్ళ మనిషి. ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "తుంటి విరిగింది. రేపు పొద్దున్నే ఆపరేషన్."

డల్లాస్‌లో ఉన్న బావకి ఫోన్ చేశాను. "ఒరేయ్, నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. శనివారానికల్లా అక్కడుంటా."

ఆ మాట చెబితే డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఈ వయసులో 24 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో అయిపోవాలండీ. విరిగిన కాలితో కదలకుండా పడుకుంటే సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. గడ్డకట్టకుండా ఇంజక్షన్లు ఇస్తాను, కానీ వాటిని నమ్ముకుని రోజులు జరపకూడదు."

అంతా విన్నాను. సంతకం మాత్రం పెట్టలేదు. కన్నకొడుకు వద్దంటుంటే మేనల్లుడెవడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఏదైనా తేడా వస్తే జన్మంతా మాట పడాలని భయం.

అత్తయ్యా అదే మాట. "వాణ్ణి రానీరా." నాలుగు రోజులు వెల్లకిలా అలాగే పడుకుంది.

శనివారం పొద్దునకి కాలు తొడదాకా వాచింది. డాప్లర్ తీశారు. తొడలోని పెద్ద సిరలో గడ్డ!

"గడ్డ ఉందని మళ్ళీ వాయిదా వేస్తే ఇంకో గడ్డ కడుతుంది" అన్నాడు డాక్టరు. "అది పైకి పోకుండా పొట్టలోని పెద్ద సిరలో జల్లెడలాంటి ఫిల్టరు పెట్టించి, రేపే ఆపరేషన్ చేసేద్దాం. ముప్పు మాత్రం మంగళవారం కంటే ఇప్పుడు ఎక్కువే."

ఈసారి సంతకానికి బావ ఉన్నాడు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చాడు. గడ్డ సంగతి వినగానే నామీద విరుచుకుపడ్డాడు. "ఇంతమంది ఉండి ఏం చేస్తున్నార్రా ఇక్కడ?"

అరిచి అరిచి అలసిపోయి మంచం పక్క కుర్చీలో కూలబడ్డాడు. ప్యాంటు పైకి మడిచి, మోకాళ్ళదాకా బిగుతుగా ఉన్న మేజోళ్ళు కష్టంమీద ఊడలాగడం మొదలుపెట్టాడు.

"ఇవేంట్రా నాయనా?" అంది అత్తయ్య నీరసంగా.

"ఇరవై గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుందటమ్మా. మా డాక్టరు మరీ మరీ చెప్పి తొడిగించాడు. రెండు గంటలకోసారి లేచి విమానంలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నా."

అత్తయ్య చెయ్యి చాచి వాడి మోకాలు నిమిరింది.

"మంచిపని చేశావు నాయనా. అంతసేపు కదలకుండా ఉండాలంటే మాటలా!"