మూడు పాయల జడ

కోడికూరలో రొమ్ము ముక్క కొసన తెల్లగా, పళ్ళ కింద కరకరలాడే మెత్తటి ఎముక తగులుతుంది చూడండి, అదే మా ఇల్లు. నా పేరు రెండో రకం కొల్లాజెన్. ఒకేలాంటి మూడు ప్రోటీన్ పోగులు పెనవేసుకున్న జడను. మీ మోకాళ్ళలో, వేలి కణుపుల్లో ఉన్నవాళ్ళూ నా చుట్టాలే. మా పేటకు రక్తనాళాలు రావు. రోగనిరోధక కణాలు గస్తీ తిరిగే వీధులకు ఆమడ దూరంలో బతుకుతాం.

1969లో కోడిపిల్లల మృదులాస్థిలోనే నన్ను గుర్తుపట్టారు. పరువు పోయింది మాత్రం 1977లో. ట్రెంథామ్, టౌన్స్, కాంగ్ అనే ముగ్గురు నన్ను నూనెలో చిలికి ఎలుకల చర్మంలోకి సూదితో ఎక్కించారు. కొద్ది వారాల్లో వందకు నలభై ఎలుకలకు పాదాలు బూరెల్లా పొంగాయి. పరాయిదాన్ని కదా, నామీద యాంటీబాడీలు లేవడం న్యాయమే. కానీ ఎలుక కీళ్ళలోని నా చుట్టాలవీ నావీ ఒకే పోలికలు. నాకోసం బయల్దేరిన దండు వాళ్ళమీదా పడింది. చర్మంలో ఉండే మా అన్న, మొదటి రకం కొల్లాజెన్‌ను ఎక్కిస్తే ఏమీ కాలేదు. నన్నే పాయలు విప్పి ఎక్కించినా ఏమీ కాలేదు. కోపమంతా జడమీదే అన్నమాట!

1993లో అదే ట్రెంథామ్ బృందం నన్ను నోటి దారిన పంపింది. రోగనిరోధక కణాలు సొంత కీళ్ళమీదే పడే రుమటాయిడ్ కీళ్ళవాతం తీవ్రంగా ఉన్న 60 మందిని తీసుకుని, కొందరికి నన్ను, కొందరికి ఉత్తుత్తి మందును ఇచ్చారు. మొదటి నెల రోజుకు 0.1 మిల్లీగ్రాము, తర్వాత రెండు నెలలు 0.5. నన్ను తాగినవాళ్ళకు వాపులు తగ్గాయి, నలుగురికి జబ్బే సద్దుమణిగింది. తిండిని శత్రువుగా చూడకూడదని పేగుల దగ్గరి కణాలకు అలవాటు. లేకపోతే పప్పన్నం తిన్న ప్రతిసారీ ఒళ్ళు వాచేది. ఆ మర్యాద కీళ్ళదాకా పాకుతుందని వాళ్ళ ఆశ.

1998లో అదే జబ్బున్న 274 మందిలో కొందరికి ఉత్తుత్తి మందు, మిగతావాళ్ళకు నన్ను నాలుగు మోతాదుల్లో ఇచ్చి చూస్తే, అన్నిటికన్నా చిన్నదైన 20 మైక్రోగ్రాములకే కాస్త గుణం కనిపించింది, అదీ ఒక్క కొలత ప్రకారమే. డాక్టర్లు వారానికోసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ అనే కీళ్ళవాతం మందు రాయడం మానలేదు. నాకేం బాధ లేదు. మనుషుల జబ్బుకు నేనొక్కదాన్నే కారణం కానప్పుడు, నేనొక్కదాన్నే మందునెలా అవుతాను?

ఇదంతా చదివి కూరలో మెత్తటి ఎముకలు వెతక్కండి. కుక్కర్ విజిల్ వేసేసరికే నా జడ ఊడిపోతుంది. మర్నాడు పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలో పులుసు గడ్డకట్టి వణుకుతుంటుంది కదా, అందులో మా అన్నతోపాటు నేనూ ఉంటాను.