లక్షకు ముప్పావు డాక్టరు

సాయం ఒక్క ఫోను దూరంలోనే ఉందంటారు సర్కారువారు. నిజమే. 14416 నొక్కితే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ పలుకుతుంది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ మేలుకునే ఉంటుంది, 20 భాషలు వచ్చు. పనికొచ్చే నెంబరే, రాసిపెట్టుకోండి. తమిళనాడు ధర్మపురి జిల్లా నల్లంపల్లిలో ఓ కోడలికి మాత్రం దీనితోపాటు ఇంకొకటి కావాలి: వేసుకోవడానికి ఒక తలుపు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్త, టీవీ. వెనక గదిలో పిల్లలు. ఫోను మొగుడి జేబులో ఉంటుంది. ఆ జేబు లారీతోపాటు తొప్పూరు కనుమ దిగి సేలం పోయింది. రాత్రి ఎప్పుడో ఫోను చేతికొచ్చినా, "ఎవురికి మే ఈ పొద్దులో ఫోను?" అని అత్త అడగనే అడుగుతుంది. "మనసు బాగాలేదత్తా, గవర్నమెంటుతో మాట్లాడుతుండా" అని ధైర్యంగా చెప్పగలిగిన కోడలికి అసలు ఆ ఫోనుతో పనేముంది?

సలహాలకైతే కరువు లేదు. పనీపాటా లేక వచ్చే ఆలోచనలివి అంటుంది అత్త, తెల్లారకముందే లేచి పాలు పితికే మనిషితో. మనసు గట్టి చేసుకోమంటాడు మామ, అదేదో సిమెంటు పనైనట్టు. పక్కింటి అక్కేమో అదియమాన్‌కోట కాలభైరవుడికి బహుళాష్టమి నాడు బూడిద గుమ్మడికాయలో దీపం పెట్టి రమ్మంటుంది. ఈ చివరిదాన్ని నేను వెక్కిరించను. గుళ్లో కూర్చుని గంటసేపు ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగరు, ఫారం నింపమనరు. అయితే ఎర్వాడినీ మరిచిపోలేం. 2001 ఆగస్టు 6న అక్కడి దర్గా చెంత వెలిసిన ఓ ప్రైవేటు ఆశ్రమంలో, గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో పోయారు. వాళ్లను అక్కడ వదిలి వెళ్లినవాళ్లంతా రాక్షసులేం కాదు. ఊళ్లో చూపించుకునే చోటు లేక వెళ్లారు.

డాక్టరు దగ్గరికే పోవచ్చుగా అంటారా? ధర్మపురి మెడికల్ కాలేజీ ఆస్పత్రి బస్సెక్కితే దగ్గరే. కానీ దేశంలో లక్షమందికి ఉన్న మానసిక వైద్యులు 0.75 మందేనని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘమే లెక్క చెప్పింది. ముగ్గురుండాలట. ఉన్నది ముప్పావు. దాన్నయినా సమంగా పంచారా అంటే, తలా మొండెమూ నగరాలు పట్టుకుపోయాయి. పల్లెకు మిగిలింది చెయ్యో కాలో. మందుచీటీ రాసే చెయ్యయితే మన అదృష్టం.

చట్టం మాత్రం నిండుగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్: వైద్యం ప్రతి మనిషి హక్కు. జిల్లాలో కనీస సర్కారు సేవ లేకపోతే ఆ జిల్లాలోనే వేరేచోట చూపించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వానిదే. ఈ సంగతి తెలిసి ఎవరైనా ప్రైవేటు బిల్లు పట్టుకుని ఆఫీసుకు వెళితే గుమాస్తా ఆ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి, కళ్లజోడు సర్దుకుని, "బాగానే మాట్లాడుతున్నావు కదమ్మా, నీకేం జబ్బు?" అంటాడు. గోడలకు హెల్ప్‌లైన్ నెంబరు రాయించడానికి రంగుంది. ఈ సెక్షన్ దగ్గరికొచ్చేసరికే డబ్బా ఖాళీ.