మంత్రసాని కప్ప ఆత్మకథ

మా జాతి పశ్చిమ యూరప్‌లోని నేలబొరియలయందును రాళ్లసందులయందును కాపురముండునది. తక్కిన కప్పలలో పెక్కు నీటిలో జతగూడును. మేము నేలపైననే జతగూడుదుము. ఆడుది గుడ్లు పెట్టి తన దారిని తాను పోవ, ఆ గుడ్లసరమును వెనుకకాళ్లకు చుట్టుకొని, పిల్లలగు వేళ వచ్చుదనుక మోసి, అదను చూచి నీట విడుచు మంత్రసానితనము మగవారి పాలిటిది. జారుడుమేని ఆడుదానిని నీళ్లలో పట్టుకొనవలసిన అగత్యము లేనందున, పెక్కు ఇతర మగకప్పల చేతులపై ఋతుకాలమున నల్లగా, గరుకుగా పొటమరించు కాయలు మాకు లేవు. ఈ లేమియే నా యశమునకును అపయశమునకును మూలమైనది.

నేను పుట్టినది అడవిలో కాదు. వియన్నా నగరమున ప్రాటర్ ఉద్యానమునందలి వివేరియం అను ప్రయోగశాలలో. 1903లో హాన్స్ ప్రిజిబ్రామ్ మిత్రులతో కూడి నెలకొల్పిన ఆ శాలలో, పౌల్ కామెరర్ అను యువశాస్త్రజ్ఞుడు మా పూర్వులను వేడిగదులలో ఉంచెను. తాపమునకు తాళలేక వారు తొట్టెనీటిని ఆశ్రయించి అందే జతగూడిరి. గుడ్లజిగురు నీట నాని ఉబ్బి, తండ్రికాళ్లనంటక జారిపోయెను. ఆ నీటిగుడ్ల సంతతిలో, కొన్ని తరములకు, మగవారి చేతులపై నల్లనికాయలు పొడమినవని ఆయన ప్రకటించెను.

ఆ మాటకంత విలువ ఏల కలిగెనో తెలియవలెనన్న 1809 దాక వెనుకకు పోవలెను. ఆ యేట పారిస్ నగరమున లామార్క్ పండితుడు, వాడుకచే అవయవములు బలియుననియు, వాడనివి క్షీణించుననియు, అట్లు ఒక తరము ఆర్జించినది మఱుతరమునకు సంక్రమించుననియు సిద్ధాంతీకరించెను. ఎత్తుకొమ్మల ఆకులకై మెడ సాచి సాచి జిరాఫీ దీర్ఘకంఠి యయ్యెనన్నది ఆయన చూపిన నిదర్శనమే. మఱి కమ్మరి చేతికాయలు కొడుకునకు పుట్టుకతో వచ్చునా? జర్మనీలో వైస్‌మన్ అను శాస్త్రజ్ఞుడు తరతరములుగా ఎలుకల తోకలు కోసి చూచెను; పిల్లలు తోకలతోనే పుట్టినవి. కాని కత్తికోత వేఱు, ప్రాణి తన అవసరముకొలది తెచ్చుకొన్న మార్పు వేఱు అని లామార్క్ పక్షమువారు వాదించిరి. ఆ వాదమునకు సాక్షిగా నేను దొరికితిని.

మొదటి ప్రపంచయుద్ధపు కఱవులో మా సంతతి నశించి, సారాయి సీసాలో నేనొక్కడను మిగిలితిని. 1923లో కామెరర్ నన్ను కేంబ్రిడ్జికిని లండనుకును కొనిపోయెను. తరము నేర్చిన మంచి సంతానమునకు సహజగుణమగునన్న ఆశతో ఆయన చేయు ఉపన్యాసములకు జనులు విరగబడిరి. బేట్సన్ వంటి జన్యుశాస్త్రజ్ఞుల సందేహము మాత్రము తీఱలేదు. 1926లో అమెరికా నుండి నోబుల్ అను పండితుడు వచ్చి నన్ను పరీక్షించి, చేతిపై గరుకుకాయల జాడయే లేదనియు, ఆ నలుపు చర్మముక్రింద ఎక్కించిన ఇండియా ఇంకు అనియు తేల్చి, ఆగస్టులో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించెను. ఆ పని తాను చేయలేదని వ్రాసి, కామెరర్ సెప్టెంబరు 23న తన ప్రాణము తానే తీసికొనెను.

సూది పట్టినదెవరని నన్నడుగువారు కలరు. సీసాలోని కళేబరమునకు కన్నులు తెఱచియున్నను చూపుండదు. నేను ఆర్జించిన గుణము నిజముగా ఆ సిరా యొక్కటే. అదియు చచ్చిన పిదప ఆర్జించినది గనుక, ఏ సంతానమునకును ఇచ్చిపోలేకపోతిని.

అయినను నా సిరా బయటపడుటచే లామార్క్ ఓడినాడనుట ఎంత తొందరపాటో, అది పడకున్న గెలిచియుండుననుటయు అంతే. జీవించు వంశములు తరతరములుగా చెప్పవలసిన సాక్ష్యమును ఒక్క శవముచేత చెప్పింపజూచుటయే ఇరుపక్షముల దోషము. నా జాతివారు ఇప్పటికిని బ్రతికియే యున్నారు. సందేహమున్నవారు వేడిగదిని, నీటితొట్టెను, ఏండ్లకొలది ఓపికను సమకూర్చుకొని వారినే అడుగవలెను.