చిలక్కొయ్య ఖాళీగా ఉన్న రాత్రి

నేను తుపాకీని. పన్నెండు బోరు, ఒంటి గొట్టం. వయసు యాభై దాటింది. యాలాల్ ఠాణాలో ఒక గదిలో గోడకానుకుని ఉన్నాను. నా మెడకు చీటీ కట్టారు. దాని మీద నా నంబరు, లైసెన్సుదారు పేరు ఉన్నాయి. ఆ పేరుగల మనిషి ఇప్పుడు లేడు.

పుట్టింది బీహారులోని ముంగేర్‌లో. పద్దెనిమిదో శతాబ్దంలో నవాబు మీర్ ఖాసిం రాజధానిని అక్కడికి మార్చుకుని ఆయుధాల కార్ఖానా పెట్టించాడు. అప్పటినుంచి ఆ ఊరి చేతులకు ఇనుమే తిండి పెడుతోంది. ముద్ర వేసి, నంబరు చెక్కి, లెక్కలోకి ఎక్కించే తుపాకులూ అక్కడ తయారవుతాయి. ఏ లెక్కకూ ఎక్కకుండా చీకట్లో చేతులు మారే నాటు తుపాకులూ తయారవుతాయి. ఇనుము ఒకటే, పనితనమూ ఒకటే. నాకు నంబరుంది. నా బతుకంతా ఆ నంబరు వెంటే నడిచింది.

1971లో యాలాల్ దగ్గరి ఒక ఊరికి వచ్చాను. యాలాల్ ఉన్న తాండూరు తాలూకా అప్పుడు హైదరాబాద్ జిల్లాలో ఉండేది. నన్ను కొన్నాయన కాగ్నా వాగు దిక్కు నల్లరేగడిలో కంది వేసేవాడు. పిల్లలకు తాత అయ్యాక నాకూ తాతే అయ్యాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఈమధ్య అందరూ గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ, ఆ కంది రుచి అడవిపందులకు ఎప్పుడో తెలుసు. కాయ పాలు పోసుకునే వేళకు మంద దిగిందంటే తెల్లారేసరికి చేను చేను కాదు. అందుకే తాత నాకోసం అర్జీ పెట్టాడు. పోలీసు పటేలు మంచివాడని చెప్పాలి, తహసీల్దారు విచారణ రాయాలి, ఠాణా నుంచి నివేదిక పోవాలి, చివరకు కలెక్టరు దస్కత్ పడాలి. నేను చేతికొచ్చేసరికి దాదాపు ఏడాది పట్టిందట.

మరుసటి ఏడే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అనుమతి లేకుండా పందినైనా కొట్టొద్దన్నారు. తాత మంచె మీద కూర్చుని నా గొట్టాన్ని ఆకాశం వైపు తిప్పి ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ చప్పుడుకే మంద పరుగు తీసేది. నా కాపలా అంతా చప్పుడే. ఇన్నేళ్లలో నా నోట వెళ్లిన గుండు ఏ ప్రాణికీ తగల్లేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం.

నేను చిలక్కొయ్యకు వేలాడేదాన్ని. కార్తూసులు మాత్రం నా దగ్గర ఉండేవి కావు. వాటిని అవ్వ తన సందుగులో చీరల కింద పెట్టి, తాళంచెవి నడుముకు దోపుకునేది. పందుల కావలికి పోతున్నానంటే రెండు లెక్కపెట్టి ఇచ్చేది, పొద్దున మిగిలింది అడిగి తీసుకునేది. తాత తాగి ఉన్నా, కోపంగా ఉన్నా తాళం తీసేది కాదు. ఆమెకు చదువు రాదు. 1959 నాటి ఆయుధ చట్టం పేరు కూడా విని ఉండదు.

ఇక 1999 సంగతి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కలిసి వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించాలి, ఫలితాలు వచ్చాక తెచ్చుకోవాలి. నన్నూ అప్పగించారు. ఆ రోజుల్లోనే తాతకూ, ఆయన చిన్నాయన కొడుక్కూ మధ్య గెట్టు పంచాయితీ ముదిరింది. రెండు సాళ్ల జాగా. పెద్దమనుషుల ముందే మాటా మాటా పెరిగి తమ్ముడు తాత మీద చెయ్యి చేసుకున్నాడు. ఊరందరి ముందు చెంపదెబ్బ తిన్న మనిషి ఇంటికి ఎలా వస్తాడో మీకు తెలుసు. వాకిట్లో చెప్పులైనా విడవకుండా నేరుగా గోడ దగ్గరికి వచ్చి చెయ్యి పైకెత్తాడట. చిలక్కొయ్య ఖాళీగా ఉంది. కాసేపు ఆ కొయ్యనే చూస్తూ నిలబడి, గోడను గుద్ది, అక్కడే కూలబడి ఏడ్చాడట.

నేనక్కడ లేను గనుక ఇదంతా తర్వాత విన్నాను. నన్ను ఇంటికి తెచ్చాక, నా మీద దుమ్ము తుడుస్తూ అవ్వ పక్కింటావిడతో చెప్పింది. "సందుగ తాళం పలగ్గొట్టెటోడే అక్కా, ఆ రాత్రి. తుపాకి లేక బతికినం" అంది. ఎవరు బతికారో చెప్పలేదు. ఇద్దరూ అనే నేను అర్థం చేసుకున్నాను. తర్వాత సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిస్తే, తాతే జానెడు లోపలికి జరిగాడని తేలింది.

మనవడు 2016లో చదువుకని అమెరికా వెళ్లి డాలస్ దగ్గర ఉద్యోగంలో కుదిరాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన తెలుగు ఇంజినీరును ఒకడు కాల్చి చంపాడు. తాత పేపరు నా కిందే కూర్చుని చదివాడు, అందుకే ప్రతి ముక్కా గుర్తుంది. పని ముగించుకుని స్నేహితుడితో బార్‌లో కూర్చున్న మనిషి మీదికి ఆ కాల్చినవాడు వచ్చి దేశం గురించి, పుట్టుక గురించి గొడవ పెట్టుకున్నాడు. వాణ్ని బయటికి పంపేశారు. కొంతసేపటికి తుపాకీతో తిరిగొచ్చాడు. అక్కడ తాత పేపరు మడిచి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలిసింది. ఇద్దరూ కోపంతోనే వెనుదిరిగారు. ఒకడికి తుపాకీ దొరికింది, ఒకడికి దొరకలేదు.

ఆ సాయంత్రం ఫోనులో మనవణ్ని అడిగాడు. "ఆడ తుపాకి కొనాల్నంటె ఎవలి దస్కత్ గావాలె బిడ్డా?"

"ఎవలిదీ అక్కర్లేదు తాతా. దుకాణపోడు కంప్యూటర్ల పేరు కొట్టి చూస్తడు, కేసులేమన్న ఉన్నయా అని. మామూలు మనిషి దగ్గర కొంటె గదీ లేదు. మా టెక్సస్‌ల గంతే."

తాతకు అది మింగుడుపడలేదు. నాకు మాత్రం అక్కడివాళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేయాలనిపించదు. 1791లో వారి రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ ఆయుధం ఉంచుకోవడాన్ని హక్కుగా రాసింది. మనకు అది ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ప్రజల చేతిలో ఆయుధం లేకుండా చేయడం పాలకులకు ఎంత లాభమో మనకూ తెలుసు. 1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుల చేతులు కట్టేయడానికే. గాంధీగారు దాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. ఈ తెలంగాణలోనే రజాకార్ల మీదికి జనం వడిసెలలు, కర్రలు పట్టుకుని వెళ్లిన రోజులున్నాయి. ఒంటరి పొలంలో, పోలీసులు రావడానికి గంట పట్టే చోట ఉన్న రైతు నాకు తుపాకీ కావాలంటే అబద్ధమాడుతున్నాడని అనలేను. నేను ఈ ఇంటికి వచ్చిందీ కాపలా పేరు మీదే.

కానీ లెక్క చూడండి. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 అంచనా ప్రకారం అమెరికా పౌరుల దగ్గర దాదాపు 39 కోట్ల తుపాకులున్నాయి, మనుషులకన్నా ఎక్కువ. 2021లో తుపాకీ గుండ్లకు 48,830 మంది పోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. దొంగ కోసమని తెచ్చి అల్మారాలో పెట్టుకున్నది ఇంటిమనిషినే తీసుకుపోయింది. పురుగుమందు డబ్బా చేతికందేలా ఉన్న ఇంట్లో ఏమవుతుందో చూసిన పల్లెలు మావి. చావాలన్న తలపు చాలాసార్లు ఒక రాత్రిదే. ఆ రాత్రి గడిస్తే మనిషి పొద్దున చాయ్ తాగుతాడు. కాలిఫోర్నియాలో తుపాకీ కొన్నవాడు అది చేతికి రావడానికి పది రోజులు ఆగాలట. ఆ పది రోజులు ఎవరి స్వేచ్ఛకో అడ్డమని కోర్టుల్లో వాదిస్తుంటారు. వాదించేవాళ్లు 1999లో మా ఇంటి గోడను చూడలేదు.

2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కాల్చినవాడు పద్దెనిమిదేళ్లు నిండగానే చట్టప్రకారం రైఫిళ్లు కొన్నాడు. ఆ దుఃఖంలో జూన్ 25న ఇరు పార్టీలూ కలిసి ఒక చట్టం తెచ్చాయి; 21 ఏళ్లలోపువాళ్లు కొనేటప్పుడు మరింత లోతుగా విచారించాలన్నాయి. దానికి రెండు రోజుల ముందే సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో, బయట తుపాకీ వెంట పెట్టుకోవడమూ హక్కేనని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు మే 6న డాలస్ పక్కన ఆలెన్‌లో ఒక మాల్ దగ్గర ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఒకరు హైదరాబాద్ అమ్మాయి, ఇంజినీరు. ఆ రాత్రి మనవడి ఫోను కలవలేదు. తాత పదకొండు సార్లు చేయించాడు. పన్నెండోసారి మనవడు ఎత్తి, "మంచిగనే ఉన్న తాతా" అన్నాక కూడా ఆయన చాలాసేపు ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు.

మన దగ్గర అంతా బాగుందని నేననను. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో ఒక రాజకీయ నాయకుడు లైసెన్సు తుపాకీతోనే కాల్పులు జరిపాడు. గాయపడిన ఒకరు తర్వాత చనిపోయారు. అంటే ముద్ర, నంబరు, దస్కత్ అన్నీ ఉన్నా చాలలేదు. నాటు తుపాకులకైతే అవీ లేవు. చట్టం చేతకానిదని కాదు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులే అన్నారు, పెళ్లిళ్లలో సరదాకు కాల్చడాన్ని నేరం చేశారు. అవి మంచివే. అయితే అవ్వ సందుగ తాళం లాంటిది ప్రతి ఇంట్లో ఉండేలా చూడటం ఏ చట్టానికీ సులువు కాదు.

ఠాణాలో పెట్టడం వల్ల రైతుకు నష్టం లేదా అంటే ఉంది. 2023 అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వచ్చింది, డిసెంబరు 3న లెక్కింపు. సరిగ్గా కంది పూతకొచ్చి కాయ పట్టే కాలం. తాత ముసలితనంలో డబ్బా కొట్టుకుంటూ, చేను చుట్టూ పాత చీరలు కట్టుకుంటూ రాత్రులు గడిపాడు. మూలనున్న మడి మొత్తం పందుల పాలైంది. అయినా నన్ను విడిపించమని ఒక్కసారి కూడా సిఫారసు చేయించుకోలేదు. "ఉండనియ్యి, ఆడనే ఉండనియ్యి" అనేవాడట.

2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ అప్పగించాడు. ఏప్రిల్‌లో పోయాడు. చెంపదెబ్బ కొట్టిన తమ్ముడే పాడె ముందు కొమ్ము పట్టాడట.

జూన్ 4న లెక్కింపు అయ్యాక ఒక్కో తుపాకీని వచ్చి తీసుకుపోయారు. నాకోసం చాన్నాళ్లు ఎవరూ రాలేదు. చివరకు కొడుకు మరణ ధ్రువపత్రం పట్టుకుని వచ్చాడు. వారసుడిగా దరఖాస్తు చేసుకోవచ్చని ఠాణావాళ్లు చెబుతుండగా ఫోను మోగింది. డాలస్ నుంచి మనవడు. ఇల్లు కొన్నాడు, చుట్టుపక్కలవాళ్లు తుపాకీ పెట్టుకోమంటున్నారట. నువ్వేమంటావని తండ్రిని అడిగాడు.

కొడుకు నన్ను చూస్తూ అన్నాడు. "మీ అవ్వ తాళంచెవి ఎవ్వరికియ్యకపోతుండె, యాదికున్నదా? నీకు కోపమొచ్చిననాడు నీకియ్యకుండ దాచెటోళ్లు నీ ఇంట్ల ఉన్నరా చూస్కో. లేకుంటె కొనకు బిడ్డా."

అమెరికాలో ఇళ్లు కట్టుకున్న తెలుగు బిడ్డలారా, ఇప్పటికే కొని ఉంటే గుండ్లు తీసి వేరే గదిలో తాళం వేయండి. తాళంచెవి ఇంకొకరి నడుముకు ఉండనివ్వండి. ఈ రాత్రే వేయండి.

కొడుకు దరఖాస్తు పెట్టలేదు. లైసెన్సు అక్కర్లేదని తెల్లకాగితం మీద రాసి, కింద దస్కత్ చేసి వెళ్లాడు.